ఈశాన్యంలో నీరుంటే శుభం

కోనసీమలో ఇల్లు కొనదలచినవారికి నా మొదటి సలహా: సంక్రాంతికి వెళ్లి చూడండి. కోతలు అయిపోయి ఉంటాయి, కాలువ నిండుగా పారుతుంటుంది, వాకిట్లో ముగ్గులు, గట్టు మీద బంతిపూలు. ఆ నాలుగు రోజుల్లో పశువుల పాక చూపించినా మండువా లోగిలిలాగే కనిపిస్తుంది. శ్రావణంలో మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి. వీధిలో మోకాటిలోతు నీళ్లు, అందులో తేలుతున్న ఎవరిదో ఒంటి చెప్పు కంటపడ్డాయంటే ఇక ఈ జన్మలో ఇల్లు కొనరు. పాపం, మధ్యవర్తి కమీషన్ పోతుంది.

నేను ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. అమలాపురానికి కాస్త దూరంలో, ఏటిగట్టుకు లోపలి వైపో బయటి వైపో ఎవరూ తేల్చి చెప్పని చోట, ఆరు సెంట్లలో పెంకుటిల్లు. సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన దిక్సూచి పట్టుకుని గంటన్నర తిరిగారు. వీధిపోటు లేదన్నారు. నైరుతి ఎత్తుగా ఉందని మెచ్చుకున్నారు. ఈశాన్యంలో నుయ్యి చూసి, అక్కడ నీరుంటే సంపదే అన్నారు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజున నీరు ఈశాన్యంతో ఆగదు, ఎనిమిది దిక్కుల్లోనూ ఉంటుంది. ఆ లెక్కన మా లంక గ్రామాలవాళ్లందరూ ఈపాటికి కోటీశ్వరులు కావాలి. ఈ మాట నేను పైకి అనలేదు. దక్షిణ ముందే ఇచ్చేశాను.

కాగితాల దగ్గర కంగారు వద్దు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాం, అద్దంలా ఉంది. ఎందుకుండదు? రిజిస్టరైన లావాదేవీలే అందులోకి ఎక్కుతాయి. నోటిమాట మీద జరిగిన పంపకాలు, తెల్లకాగితాల మీద రాసుకున్న ఒప్పందాలు ఎక్కవు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన వాటా ఉందని 1985 నుంచి వర్తించేలా రాష్ట్రం, 2005లో కేంద్రం చట్టాలు చేశాయి కదా, మీ చెల్లెలి సంతకమేదని అడిగితే యజమాని నొచ్చుకున్నారు. "మా చెల్లెలు మాట మీద నిలబడే మనిషండీ" అన్నారు. (ఏ మాట మీదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.)

దస్తావేజులో హద్దులు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. తూర్పున కొబ్బరితోట, పడమర పంట బోదె, దక్షిణాన చింతచెట్టు, ఉత్తరాన పుంత బాట. కొబ్బరితోట ఇప్పుడు రొయ్యల చెరువు. బోదె మీద ఎవరో రెండు గదుల డాబా వేశారు. చింతచెట్టు ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. పుంత ఒక్కటే మిగిలింది, అదీ సగమే. నూతి నీళ్లు ఒక గుక్క తాగి చూశాను. చెరువు పుణ్యమా అని పప్పులోకి ఉప్పు వేరే కొనక్కర్లేదు.

ఇంతలో గాలికి నడవాలోని దేవుడి క్యాలెండరు పక్కకు జరిగింది. వెనకాల, మనిషి ఛాతీ ఎత్తున, జానెడు వెడల్పున ఒండ్రురంగు చార. రెండు పూతలు సున్నం కొట్టినా లోపలినుంచి ఊరుతూనే ఉంది. మధ్యవర్తి తడుముకోలేదు. "పాతకాలం పనితనమండీ. పట్టుచీరకు అంచులా అప్పట్లో గోడకు అంచు వేసేవారు" అన్నాడు. చూస్తే నిజమే, నాలుగు గోడలకూ వెంట్రుకవాసి తేడా లేదు. ఈ కాలం మేస్త్రీలకు రసమట్టం ఇచ్చినా అంత సమంగా రాదు.

పెరటి దడి అవతల పక్కింటి మామ్మగారు కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. వెళ్లి ఆ అంచు సంగతి అడిగాను. ఆవిడ తలెత్తలేదు.

"86 వరదలో మేం ఏడుగురం, ఓ మేకపిల్ల, మూడు రాత్రులు ఆ ఇంటి అటక మీదే ఉన్నాం. అటక గట్టిది బాబూ, కొనుక్కోండి."