మూడు విజిళ్ల కవిత్వం

(నెల్లూరు, మూలాపేట. పొయ్యి మీద కుక్కర్లో కందిపప్పు. వంటింటి గడప మీద ఆయన, ఒళ్ళో కాగితాలు. రేపు సాయంత్రం వాళ్ళ మిద్దె మీద కవిసమ్మేళనం.)

ఆయన: మే, ఆరుకి మొదలు. ముందు అవధాని గారి అష్టావధానం, తర్వాత ఇరవై మంది కవులు. తొమ్మిదికి అన్నాలు.

ఆమె: ఏ రోజు తొమ్మిదికి? ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది, నాలుగు ఆవృత్తులంటే నాలుగు చుట్లు, ఆఖర్న పద్యాలన్నీ గుర్తుంచుకొని ఒప్పజెప్పే ధారణ. అదొక్కటే మూడు గంటలు తింటది.

ఆయన: మరెట్టా?

ఆమె: ఆయన్ని అప్పటికప్పుడు పద్యం చెప్పే ఆశువు, ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేసే సమస్యాపూరణంతో సరిపెట్టమను. నలభై నిమిషాలు. కవులు పన్నెండు మంది చాలు, తలా నాలుగు నిమిషాలు. లేచొచ్చి కళ్ళద్దాలు ఎతుక్కోడానికి తలా ఒక నిమిషం. గంట అయిపాయె. ఎనిమిదికల్లా మిద్దె దిగుతాం.

ఆయన: అట్టయితే అవధాని గారిని ఆఖర్న పెడతా. ఆయన కోసమన్నా జనం కూచుంటారు.

ఆమె: ఎవరి కవిత వాళ్ళు చదువుకొని చెప్పులేసుకుంటారు. అవధాని ముందు నువ్వు, నేను, షామియానా వాడు మిగుల్తాం. ముందు పెట్టావా, ఆయనెంబడే అందరూ మెట్లు దిగుతారు. ఆరుగురు, ఆయన, మళ్ళీ ఆరుగురు. ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పబాక, అప్పటికప్పుడు చీటీ తియ్. వంతు తెలీనోడు కుర్చీ వదలడు.

ఆయన: నాలుగు నిమిషాలకి కవిని ఆపేదెవరు?

ఆమె: పూజ గంట ఉందిగా. మూడో నిమిషానికి ఒకసారి, నాలుగుకి రెండుసార్లు. అప్పటికీ దిగకపోతే మైకు కట్టెయ్.

ఆయన: సౌండుబాక్సులు కవి వెనకాల పెట్టిస్తుండా. తన గొంతు తనకి ఇనపడబళ్ళా?

ఆమె: ఇనపడతది, కీచుమని! బాక్సులోనుంచి వచ్చిన గొంతు మైకులో దూరి, మళ్ళీ బాక్సులోకి పోయి, తిరిగి మైకులోకే వస్తే అరవక ఏం చేస్తది? మైకు కంటే ముందుకి జరిపి, మూతులు జనం వైపు తిప్పు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాల. మూతికి ఆనిస్తే 'ప', 'భ' దగ్గరంతా టప్పుమంటది. నీ కవితలో పెన్న, భారతం తప్ప ఇంకేముండాయి? మిద్దె మీద గాలి, మైకుకి స్పాంజి టోపీ కూడా తగిలించమను.

ఆయన: నా కవిత నువ్వెప్పుడు చదివావు?

ఆమె: పాల లెక్క వెనకాలే గదా రాసింది.

ఆయన: సరే సరే. సమస్య మాత్రం నేనే ఇస్తా. ఉత్పలమాల పాదం. (చీటీ అందిస్తాడు)

ఆమె: (వేళ్ళ మీద లెక్కపెట్టి) పందొమ్మిదే ఉండాయి. ఇరవై అక్షరాలు ఉండాల గదయ్యా! పదో అక్షరం దగ్గర యతి ఎక్కడ? కుంటి సమస్య ఇచ్చి, అవధాని నడవలేదంటే ఎట్టా?

ఆయన: (చీటీ లాక్కొని) మలై కాజా, జంతికలు చెప్పా. అవన్నా బాగుండాయా?

ఆమె: అన్నీ అయినాక పెట్టు. ఆ పాకం గొంతుకి పట్టిందంటే ప్రతివోడూ మైకులో దగ్గుతాడు. ముందు వరసలో జంతికలు నమిలితే అవధానికి తొమ్మిదో పృచ్ఛకుడు దొరికినట్టే.

ఆయన: ఆఖరు మాట. నాది పదిహేను పేజీలు.

ఆమె: నాలుగు నిమిషాల్లోనా?

ఆయన: తిక్కన గారి ఊరు ఇది! ఆయన పదిహేను పర్వాలు రాస్తే, నేను పదిహేను పేజీలు చదవకూడదా?

ఆమె: ఆయన మైకు పట్టుకోలేదు. ఇదిగో గరిటె, ఇదే మైకు. కుక్కరు మూడు విజిళ్లేసేదాకా నీ టైము. కానీ.

ఆయన: (గరిటెని జానెడు దూరంలో పట్టుకొని) సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, ముఖ్య అతిథి అవధాని గారికి...

(మొదటి విజిల్)

...శ్రమకోర్చి విచ్చేసిన సాహితీ బంధువులకు, షామియానా వేసిన తమ్ముడికి, అడగ్గానే నాకు ఈ అవకాశమిచ్చిన నిర్వాహకులకు...

ఆమె: నిర్వాహకుడివి నువ్వే గదయ్యా!

(రెండో విజిల్)

ఆయన: ...అసలు ఈ కవిత నేను ఏ పరిస్థితుల్లో రాయాల్సి వచ్చిందంటే...

(మూడో విజిల్)

ఆమె: (పొయ్యి కట్టేసి, గరిటె లాక్కొని) దిగు.

ఆయన: ఇంకా కవిత పేరన్నా చెప్పలేదే!

ఆమె: పప్పు మాత్రం ఉడికిపోయింది.