మిగిలిన నాలుగు వందల మిల్లీలీటర్లు

కారు ఇంజన్‌లో ఎంత ఆయిల్ పోయాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇంజన్ తయారుచేసిన ఇంజనీరే కదా అని మీరనుకుంటుంటే, మీరింకా మా విజయనగరంలో ఆయిల్ సర్వీసింగ్ చేయించలేదన్నమాట. ఇక్కడ నిర్ణయించేది డబ్బా. మూడున్నర లీటర్ల డబ్బా తెస్తే ఇంజన్‌కి మూడున్నర పడుతుంది. నాలుగు లీటర్లది తెస్తే అదే ఇంజన్‌కి నాలుగూ పడుతుంది. కంటోన్మెంట్‌లో అడిగినా, రింగు రోడ్డులో అడిగినా శాస్త్రం ఇదే.

దీన్ని తప్పుపట్టే వాళ్లు లేకపోలేదు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం చదివినవాళ్లు వాళ్లు. ఆ పుస్తకంలో ఫిల్టర్ మారిస్తే ఇంత, మార్చకపోతే ఇంత అని రెండు అంకెలుంటాయి. ఫిల్టర్ తన కడుపులో రెండు మూడు వందల మిల్లీలీటర్లు దాచుకుంటుంది కాబట్టి ఆ తేడా. సరే, మీ చిన్న పెట్రోలు కారుకి ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లని రాసి ఉందనుకుందాం. మీరు కొన్నది మూడున్నర లీటర్ల డబ్బా. మిగిలేది 400 మిల్లీలీటర్లు.

మనిషికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ఆ మిగిలింది షెడ్డులో వదిలేసి వచ్చారనుకోండి, రాత్రికి నిద్ర పట్టదు. డబ్బులు మనవి, రేపు అది ఎవరి ఆటోలోకి పోతుందో! పోనీ ఇంటికి తెచ్చుకుంటే, మెట్ల కింద ఇప్పటికే ఇలాంటి డబ్బాలు వరసగా కూర్చుని ఉన్నాయి, ఇంట్లోవాళ్లు ఊరుకోరు. పక్కింటాయనకిద్దామంటే ఆయనది డీజిల్ బండి, గ్రేడు కలవదు. గేటు బందులకి రాద్దామంటే గేటుకున్నవి రెండే బందులు, మనవల కాలం దాకా ఆయిల్ అలాగే ఉంటుంది. ఇన్ని ధర్మసంకటాలకూ కలిపి ఉన్న విరుగుడు ఒక్కటే. "పోసీ బాబూ."

మెకానిక్ కాదనడు. ఎందుకు కాదంటాడు? డబ్బాని గరాటులో తలకిందులుగా నిలబెడతాడు. ధార సన్నబడి, దారమై, బొట్లు బొట్లయ్యేదాకా ఇద్దరూ కళ్లార్పకుండా చూస్తారు. ఆయన డబ్బా అడుగున రెండు తట్లు తట్టి, దాన్ని మీ ముందు ఊపి, "మొత్తం పోసీసినాను సార్, ఒక్క బొట్టు ఉంచలేదు" అంటాడు. మీ మనసు కుదుటపడుతుంది. అరలీటరు మిగిల్చి ఇచ్చే మెకానిక్‌ని అనుమానించి, మొత్తం పోసేసిన మెకానిక్‌ని నమ్మే ఆచారం మనది. ఆయన మాత్రం ఏం చేస్తాడు? నిజాయితీకి ఖాళీ డబ్బాని మించిన రుజువు ఆయన దగ్గర మాత్రం ఏముంది?

ఇంజన్ దగ్గర వేరే సాక్షి ఒకటుంది. డిప్‌స్టిక్, ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల. దాని మీద రెండు గీతలు. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య లీటరు దాకా తేడా ఉంటుంది, ఆ మధ్యలో ఆయిల్ ఎక్కడున్నా ఇంజన్‌కి అభ్యంతరం లేదు. పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత పట్టువిడుపు చూడం. అంత చోటిచ్చినా పై గీత దాటి పోస్తున్నామంటే మన అభిమానం అలాంటిది.

ఈ సాక్షిని విచారించడానికో పద్ధతి ఉంది. కారు చదునైన చోట ఉండాలి. ఇంజన్ వేడెక్కాక ఆపి, ఐదు పది నిమిషాలు ఆగి, పుల్ల తీసి తుడిచి, మళ్లీ దింపి, అప్పుడు తీసి చూడాలి. చదునైన చోటు షెడ్డు దగ్గర ఎక్కడుంటుంది? ముందు చక్రాలు సిమెంటు వాలు మీద, వెనక చక్రాలు కాలువ పలక మీద. ఇక ఆగడం సంగతి. ఇంజన్ ఆపిన అర నిమిషానికి ఆయిల్ ఇంకా పై అంతస్తుల్లోనే తిరుగుతుంటుంది, కింద తక్కువ కనిపిస్తుంది. తక్కువ కనిపిస్తే ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. మెకానిక్ బనియన్ గుడ్డతో పుల్ల తుడిచి, దింపి తీసి, ఎండకి అడ్డంగా ఎత్తి చూస్తాడు. కొత్త ఆయిల్ తేటగా ఉంటుంది, ఎక్కడిదాకా అంటిందో సరిగ్గా తెలియదు. "ఫుల్లుంది సార్." ఫుల్లు అన్న మాట విని బాధపడిన కారు ఓనర్ ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఎక్కువైతే ఏమవుతుందట? ఇంజన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంటుంది. ఆయిల్ దానికి అందే ఎత్తుకొస్తే చిలికేస్తుంది, నురగ లేస్తుంది. నురగలో సగం గాలి, గాలి బేరింగుల్ని కాపాడలేదు. అంటే ఎక్కువ పోసిన పాపానికి ఇంజన్ తక్కువ పోసినట్టే అల్లాడుతుంది. మిగతాది సీళ్ల దగ్గర చెమర్చవచ్చు, గాలి గొట్టం దారిలో లోపలికి పోయి కాలి నీలం పొగగా రావచ్చు, పొగని శుభ్రం చేసే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పట్టుకుని కూర్చోవచ్చు. యాభై, వంద మిల్లీలీటర్లకి కొంపలేం మునగవు లెండి. అరలీటరు దగ్గరకొస్తే మాత్రం తీయించాల్సిందే: డ్రైన్ బోల్టు కాస్త వదులు చేసి కార్చాలి, లేదా పెద్ద సిరంజికి సెలైన్ పైపు తగిలించి పుల్ల గొట్టంలోంచి లాగాలి. డబ్బిచ్చి పోయించిందాన్ని డబ్బిచ్చి తీయించడమా! మనం చేయం.

ఈ మొత్తం పోయించేవాళ్లకి పూర్తిగా వ్యతిరేకులు లాంపు పార్టీ వాళ్లు. డాష్‌బోర్డు మీద ఎర్ర లాంపు వెలిగేదాకా బానెట్ ఎత్తరు. ఆ లాంపు ఆయిల్ తగ్గిందని ముందుగా కబురు పంపదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయాక వెలుగుతుంది. అప్పటికి మిగిలేది సంతాపం.

శ్రుతి వెంట్రుకవాసి హెచ్చినా తప్పే, తగ్గినా తప్పే అని 1919 నుంచీ సంగీత కళాశాలలో పాఠం చెబుతున్న ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు మోగిన కళాశాల. ఆ గోడకి కూతవేటు దూరంలో 400 మిల్లీలీటర్ల హెచ్చు శ్రుతిలో కార్లు పోతుంటే ఒక్క చెవికీ ఆనదు.

ఈ సమస్యకి నా దగ్గర సూచనలున్నాయి. పై గీత వల్లే గొడవంతా కాబట్టి ప్రభుత్వం దాన్ని రద్దు చేయాలి. కార్ల కంపెనీలు ఇక మీదట ముందు డబ్బా చూసి తర్వాత ఇంజన్ చేయాలి. ఈ రెండూ తేలేలోపు ఒక ఆకతాయి పరిష్కారం కూడా ఉంది, షాపుల్లో మూడు లీటర్ల డబ్బా దొరుకుతుంది. 3.1 పట్టే ఇంజన్‌లో ఆ మూడూ పోస్తే రెండు గీతల మధ్యే నిలుస్తుంది. మిగిలేది లేదు, అనుమానం లేదు, మెట్ల కింద డబ్బా లేదు.

అదే సంగతి ఒక షాపులో అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మూడు లీటర్లదా? మీలాంటోళ్లకి బాగోదు సార్. మూడున్నర పట్టుకెళ్లండి, మిగిల్తే పోసీమనండి."