48 గంటల లెక్క అందరికీ కుదరదు
కాన్పు నొప్పులు మొదలవడానికి డాక్టరు లోపల వేలితో చేసే స్వీప్ గురించిన వ్యాసంలో, అది చేయించుకుంటే 48 గంటల్లో నొప్పులు వస్తాయని రాశారు. కొందరికి వస్తాయి, కాదనను. కానీ అందరికీ అదే గడువన్నట్టు రాయడం మాత్రం బాగాలేదు. మా చెల్లెలు తొలికాన్పుకు అనంతపురంలో మా ఇంటికొచ్చింది. నెలలు నిండాక డాక్టరమ్మ స్వీప్ చేసింది. ఆ సాయంత్రం పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి, కొంచెం రక్తపు చారికలు. ఇంకేముంది, మా అమ్మ బ్యాగు సర్దేసింది. తెల్లారేసరికి అన్నీ సర్దుకున్నాయి! అసలు నొప్పులు దాదాపు వారానికి వచ్చాయి. ఈలోగా ధర్మవరం నుంచి వాళ్ల అత్తగారి ఫోన్లకు జవాబు చెప్పలేక చచ్చాం. వేలితో ఉమ్మనీటి సంచి పొరను గర్భాశయం కింది భాగం నుంచి కాస్త విడదీస్తే ప్రోస్టాగ్లాండిన్లు అనే హార్మోన్ల లాంటి పదార్థాలు విడుదలై గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతుంది, చేసే పని అంతే. అప్పటికే మెత్తబడి కొద్దిగా తెరుచుకుని ఉంటే త్వరగా కదలిక రావచ్చు, గట్టిగా మూసుకుని ఉంటే వేలే పోదు. 39 వారాలు దాటాకే చేస్తారన్నది కూడా రాసుండాల్సింది. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, మామూలు పరీక్ష అని చెప్పి అడక్కుండానే స్వీప్ చేసేయడం. మా బంధువుల్లో ఒకామెకు అలాగే జరిగింది. ఉమ్మనీరు పోయినా, రక్తం ఎక్కువగా పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా గంటలు లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి. దీని గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.