జాడీ సమేత శ్రీశైల యాత్ర

హైదరాబాద్ చుట్టుపక్కల రెండు రోజులు సరదాగా వెళ్లి రావడానికి చోట్లు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. చోట్లు బోలెడు. ఒప్పుకునే మనుషులే దొరకరు.

మేం నలుగురం డిగ్రీ నాటి నుంచీ స్నేహితులం. అసలు పేర్లు రాస్తే నన్ను బతకనివ్వరు కాబట్టి, మేం పిలుచుకునే పేర్లతోనే సరిపెడతాను. ఒకావిడ ప్రభుత్వ పాఠశాలలో హెడ్మిస్ట్రెస్, అందుకని ‘హెచ్చెమ్’. ఇంట్లో కూడా బడి గంట కొడుతుందని వాళ్లాయన ఫిర్యాదు. ఇంకొకావిడ ‘బ్యాంకు’. నలుగురం కలిసి ఇరానీ చాయ్ తాగినా, రాత్రికల్లా ఎవరు ఎవరికి ఎంత బాకీయో పైసలతో సహా గ్రూపులో పెట్టేస్తుంది. మూడో ఆవిడ ‘కృష్ణా జిల్లా’. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎల్బీనగర్‌లోనే ఉంటోంది గానీ నీళ్ల గురించి మాట్లాడినా, మామిడికాయల గురించి మాట్లాడినా, ఆఖరికి దోమల గురించి మాట్లాడినా ‘మా కృష్ణా జిల్లాలో అయితేనా’ అనే మొదలుపెడుతుంది. నాలుగోదాన్ని నేను. నాకూ ఒక పేరు పెట్టారు, అది ఇక్కడ అనవసరం.

‘ఈ ఎండాకాలం మొగుళ్లనీ పిల్లల్నీ వదిలేసి రెండు రోజులు ఎటైనా పోదామే’ అని మార్చిలో హెచ్చెమ్ మెసేజ్ పెట్టింది. నిమిషంలో అందరం గుండె బొమ్మలు పెట్టేశాం. గుండె బొమ్మ పెట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మొదట అనంతగిరి అనుకున్నాం. వికారాబాద్ పక్కనే, 80 కిలోమీటర్లే, చెట్ల కింద చల్లగా ఉంటుంది, మూసీ నది పుట్టింది కూడా అక్కడే అని బ్యాంకు చెప్పింది.

“మూసీనా? మా వారి ఆఫీసు చాదర్‌ఘాట్‌లోనే తల్లీ. రోజూ సాయంత్రం చొక్కాకి అంటుకుని మా ఇంటికే వస్తుంది. మళ్లీ దాని పుట్టిల్లు కూడా చూడాలా?” అంది కృష్ణా జిల్లా. అనంతగిరి అక్కడితో ఆగింది.

నాగార్జునసాగర్ అన్నాను నేను. లాంచీలో నాగార్జునకొండకి వెళ్లొచ్చు కదా అని ఆశ. హెచ్చెమ్ అడ్డుపడింది. ఆవిడ బడి పిల్లల్ని అక్కడికి విహారయాత్రకి తీసుకెళ్లిందట. లాంచీ ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టడం, దిగేటప్పుడు లెక్కపెట్టడం. బుద్ధుడి విగ్రహం ముందు నిలబడి కూడా ‘ఇంకొకడు ఏడీ’ అని వెతికిన మనిషికి ఆ కొండ మీద ఇక ఏ శాంతి దొరుకుతుంది?

బీదర్ వెళ్దామంటే, బిద్రీ సామాను కొని నా లెక్క పాడుచేస్తారని బ్యాంకు భయం. ఆ సామానుకి నలుపు రావడానికి బీదర్ కోటలోని మట్టే వాడతారని నేను ఉత్సాహంగా చెప్పబోయాను. “మేలో ఆ కోటంతా తిరిగితే మట్టి అక్కర్లేదు, మనకే వస్తుంది నలుపు” అని కొట్టిపారేశారు. భువనగిరి కోట సంగతి నేనే ఎత్తనివ్వలేదు. ఏకశిల అని అందరూ పొగుడుతారు గానీ, ఆ శిల ఎక్కాల్సింది నా మోకాళ్లు.

చివరికి శ్రీశైలం మీద నలుగురం ఏకమయ్యాం. భక్తి ఒక్కటే కారణం అనుకోకండి. దేవుడి పేరు చెబితే అత్తగార్లు వద్దనరు. పైగా కృష్ణా జిల్లా దగ్గర శ్రీశైలం డ్యాము ఫోటో ఒకటుంది, 12 గేట్లూ ఎత్తేసి నీళ్లు పొగలా లేస్తున్నది. అలా చూడాలని ఆవిడ కోరిక.

“అది వానాకాలం ఫోటోనే. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ దరిదాపుల్లోకి వస్తే గదా గేట్లెత్తేది. మే నెలలో అడుగున బురద కనిపిస్తుంది” అంది బ్యాంకు.

“వెళ్లి చూద్దాం. కృష్ణమ్మ మా జిల్లా మనిషి” అంది కృష్ణా జిల్లా. దీనికి బ్యాంకు దగ్గర జవాబు లేదు. ఎక్సెల్‌లో దీనికి గడి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకి బయల్దేరాలి. ఎందుకంటే శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. అడవి జంతువులు రోడ్డు దాటే వేళ కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. ఈ సంగతి బ్యాంకు గ్రూపులో లావుపాటి అక్షరాలతో పెట్టి, పైన పిన్ చేసింది. 2కి బయల్దేరితే ఆరింటికల్లా గేటు, ఎనిమిదింటికి గది. టీకి 20 నిమిషాలు, బాత్రూముకి 25 అని గడులు కూడా కట్టింది. తిరుగులేని ప్రణాళిక.

గురువారం రాత్రి కృష్ణా జిల్లా ఫోన్ చేసింది.

“కార్లో ఐదో సీటు ఖాళీయే కదే?”

“ఖాళీయే. ఎవరొస్తున్నారు?”

“ఎవరూ కాదు. జాడీ.”

జరిగింది ఏమిటంటే, ఆ రోజే వాళ్లింట్లో ఆవకాయ కలిపారు. ఐదు కిలోల కాయ. గురువారం కలిపితే మూడో రోజు శనివారం. శనివారం పొద్దున తిరగకలిపి, ఉప్పు చూసుకుని, పైన నూనె పోయాలి.

“శనివారం పొద్దున మనం శ్రీశైలంలో ఉంటాం కదే” అన్నాను.

“అయితే ఆవకాయ కూడా శ్రీశైలంలోనే ఉంటుంది.”

“మీ వారు కలపలేరా?”

“ఆయన చెయ్యి ఎప్పుడూ తడే. పోయినేడాది మాగాయ బూజు పట్టింది ఎవరి వల్ల అనుకున్నావు?”

కోడలు? కోడలికి ఉద్యోగం, పైగా గ్లవ్స్ వేసుకుని కలుపుతానంటోందట. గ్లవ్స్ అన్న మాట పలికేటప్పుడు కృష్ణా జిల్లా గొంతు వణికింది. నేనిక ఏమీ అడగలేదు. మేం ఇల్లు వదిలి వెళ్దామని మొదలుపెట్టిన యాత్ర కాస్తా, ఇంట్లో అన్నిటికంటే బరువైన వస్తువుని వెంటేసుకుని బయల్దేరే స్థితికి వచ్చింది.

శుక్రవారం 2 గంటలకి హెచ్చెమ్ కారు ఎల్బీనగర్‌లో నిలబడింది. జాడీ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేస్తోంది గానీ, అది ఆగేటప్పుడు చిన్న కుదుపు ఇస్తుందని మెట్ల మీదుగా దించాలన్నారు. వాచ్‌మన్ ఒక పక్క, వాళ్లబ్బాయి ఒక పక్క పట్టుకున్నారు. రెండో అంతస్తు మలుపులో తెలిసింది, వాచ్‌మన్ అప్పటిదాకా మొక్కలకి నీళ్లు పోస్తున్నాడని. అంతే. తడి చెయ్యి! జాడీని మళ్లీ పైకి తీసుకెళ్లి, పొడిబట్టతో తుడిచి, పాత వాసెన విప్పి, కొత్త గుడ్డతో వాసెన కట్టి, ఈసారి వాచ్‌మన్ భార్యని పిలిచి దించారు. జాడీని వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టారు. దానికి అటు బ్యాంకు, ఇటు కృష్ణా జిల్లా. అప్పటికి టైము 4 దాటింది. బ్యాంకు ఫోన్ తెరిచి టీ గడి కొట్టేసింది.

హెచ్చెమ్ మామూలుగానే అరవై దాటదు. అరవైలో నూనె ఒరుగుతోందని కృష్ణా జిల్లా దాన్ని నలభైకి దించింది. తుక్కుగూడ దాటాక ప్రతి స్పీడ్ బ్రేకరుకీ ముందే “వస్తోంది, వస్తోంది” అని అరుపు. ఆ అరుపుకి హెచ్చెమ్ ఉలిక్కిపడి బ్రేకు వేసేది. స్పీడ్ బ్రేకరు కంటే బ్రేకుకే నూనె ఎక్కువ ఒరిగింది.

కడ్తాల్ దగ్గర టీకి ఆగాం. గడి కొట్టేసినా ప్రాణం ఊరుకోదు కదా. ఎండలో అద్దాలు మూసి వదిలితే ఆవకాయ పులుస్తుంది. అద్దాలు దించి వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారు. ఐదు కిలోల జాడీని చంకలో పెట్టుకుని పరుగెత్తే దొంగ ఎవడో నాకు చూడాలనే ఉంది గానీ, మా మాట నెగ్గలేదు. వంతులవారీగా కాపలా కాస్తూ ఒకరి తర్వాత ఒకరు టీ తాగాం. బాత్రూముకీ అదే పద్ధతి. ఆమనగల్లు దాటేసరికి పొద్దు వాలింది. డిండి దగ్గర రోడ్డు పక్కనే రిజర్వాయరు, దాని మీద సంధ్య వెలుగు చాలా బాగుంది. ఫోటో తీసుకున్నాం. అందులో మేం ముగ్గురమే ఉన్నాం. నాలుగో మనిషి జాడీ దగ్గర ఉంది.

మన్ననూరు చేరేసరికి 9 గంటల 10 నిమిషాలు. గేటు వేసేశారు.

హెచ్చెమ్ కారు దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బడిలో నడిచినట్టే నడుచుకుంటూ వెళ్లింది. “చూడండి బాబూ, పది నిమిషాలే కదా. నేను గవర్నమెంటు స్కూల్ హెడ్మిస్ట్రెస్‌ని.”

గేటు దగ్గరి కుర్రాడు మర్యాదగానే లేచి నిలబడ్డాడు. “నమస్తే మేడం. మీ బడిల పొద్దుగాల గేటు ఎన్ని గంటలకు ఏస్తరు?”

హెచ్చెమ్ మాట్లాడలేదు. తొమ్మిదీ అయిదుకి గేటుకి తాళం వేయించి, తొమ్మిదీ ఆరుకి వచ్చిన టీచర్లని కూడా బయట నిలబెట్టే మనిషి. తిరిగొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని “రూల్ అంటే రూలే” అంది మాతో.

కృష్ణా జిల్లా ఒక ప్రయత్నం చేసింది. “నాయనా, పొద్దున్నే ఆవకాయ తిరగకలపాలి.”

“గది పులికి జెప్పాలె అమ్మా. దానిదే రోడ్డు ఇప్పుడు.”

మా వెనక ఇంకో నాలుగైదు బండ్లు చేరాయి. దర్శనానికి బయల్దేరిన ఒక పెద్ద కుటుంబం, ఉల్లిగడ్డల లోడుతో ఒక వ్యాన్, కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. అందరికీ ఆకలి. పక్కనున్న చిన్న హోటల్లో అన్నం ఉంది, కూర అయిపోయింది. పప్పు కూడా లేదు. ఈ మాట హోటలావిడ అనగానే ముగ్గురం ఒక్కసారిగా వెనక సీటు వైపు చూశాం.

“తిరగకలపకుండా ముట్టుకోవడానికి వీల్లేదు” అంది కృష్ణా జిల్లా, జాడీని వాటేసుకుని.

“కొత్తావకాయ, వేడన్నం” అన్నాను నేను.

“మా కృష్ణా జిల్లాలో అయితే...”

“మీ కృష్ణా జిల్లాలో అయితే ఇంటి ముందుకి ఆకలితో వచ్చినవాళ్లకి అన్నంలోకి ఏమీ లేదని చెప్పి పంపిస్తారా?” అంది బ్యాంకు. అప్పులు వసూలు చేసే చోట పని చేస్తున్నందుకు ఆవిడకి ఎక్కడ నొక్కాలో తెలుసు.

వాసెన విప్పారు. ఆ ఘాటు అడవి గాల్లో ఎంత దూరం వెళ్లిందో తెలియదు గానీ, ఉల్లిగడ్డల వ్యాన్ దాకా మాత్రం వెళ్లింది. డ్రైవరు విస్తరాకుతో సహా వచ్చాడు. అతని వెనక దర్శనం కుటుంబం, వాళ్ల పిల్లలు. కొత్త పెళ్లికూతురు మొహమాటంగా ఒక్క ముక్క అడిగి, తర్వాత మొహమాటం లేకుండా ఇంకో రెండు అడిగింది. గేటు కుర్రాడు డ్యూటీలో ఉన్నాను వద్దంటూనే చెయ్యి చాపాడు.

“తొక్కు మస్తుంది గానీ, అల్లం ఎల్లిగడ్డ ఎయ్యలేదా అమ్మా?” అన్నాడు వ్యాన్ డ్రైవరు.

“ఆవకాయలో అల్లమా!” కృష్ణా జిల్లా గరిటె గాల్లోనే ఆగిపోయింది.

“మేమైతే ఏస్తం.”

“మేమూ వేస్తాం” అంది హెచ్చెమ్. ఆవిడది కరీంనగర్. ఇన్నేళ్ల స్నేహంలో ఈ విషయం ఎప్పుడూ బయటపెట్టని మనిషి, పులుల సరిహద్దులో బయటపెట్టింది. పదకొండింటి దాకా వాదన నడిచింది. వాదన జరుగుతున్నంత సేపూ వడ్డన కూడా జరిగింది, ఎందుకంటే తన ఆవకాయకి అల్లం అక్కర్లేదని నిరూపించడానికి కృష్ణా జిల్లా ప్రతివాళ్లకీ ఇంకో ముక్క వేస్తూనే ఉంది. దర్శనం కుటుంబంలోని పెద్దావిడ మాత్రం మూడోసారి అన్నం కలుపుకుంటూ “అన్నీ బాగున్నాయి తల్లీ, ఉప్పే ఒక రవ్వ తగ్గింది” అంది. మూడో రోజు ఉప్పు చూసుకోమనేది అందుకే అని ఆ రాత్రి ఎవరూ పైకి అనలేదు.

నలుగురం కార్లోనే పడుకున్నాం. పడుకున్నాం అనడం కూడా మాటవరసకే. సీటు బెల్టు జాడీకి ఉంది, మాకు మెడ నొప్పి ఉంది. తెల్లవారుజామున ఐదింటికి కృష్ణా జిల్లా బానెట్ మీద పాత చీర పరిచి, జాడీ పెట్టి, చేతులు తుడుచుకుని, నిష్ఠగా తిరగకలిపింది. జాడీలో మూడో వంతు మిగిలింది.

ఆరింటికి గేటు తెరిచారు. వెనకనుంచి హారన్లు. హెచ్చెమ్ గేరు వేయబోతోంటే కృష్ణా జిల్లా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“వెనక్కి తిప్పవే.”

ఇందులో అమ్మాయి వాటా ఉంది. మరిది వాటా ఉంది, అది డల్లాస్ వెళ్లాలి. వచ్చే వేసవి దాకా ఇంట్లోకి కావాలి. ఈ మూడో వంతు శ్రావణం దాకా కూడా రాదు. ఒక్క వాన పడిందంటే కాయ పులుపు తగ్గుతుంది. రైతుబజారులో ముక్కలు కొట్టే మనిషి మధ్యాహ్నానికే వెళ్లిపోతాడు.

“గది అడ్వాన్సు?” అంది బ్యాంకు.

“నేనిస్తాను.”

బ్యాంకు వెంటనే ఫోన్‌లో ఆ మాట రాసుకుంది. నేను దేవుడి వంక పెట్టి చూశాను. హెచ్చెమ్ స్టీరింగ్ మీద వేళ్లు కొట్టుకుంటూ “అసలు నేనూ ఇంకా ఆవకాయ పెట్టలేదే. అందరం ఒకేసారి కాయ తీసుకుంటే దగ్గరుండి కలిపిస్తావా?” అని అడిగింది. అల్లం లేకుండా అయితే కలిపిస్తానంది కృష్ణా జిల్లా. హెచ్చెమ్ కారు తిప్పింది. గేటు కుర్రాడు మమ్మల్ని విచిత్రంగా చూశాడు. రాత్రంతా గేటు తీయమని బతిమాలి, తీశాక వెనక్కి పోయే బండిని అతను అంతకుముందు చూసి ఉండడు.

హాజీపూర్ చౌరస్తా దాటాక రోడ్డు పక్కన మామిడికాయల కుప్ప కనిపించింది. కృష్ణా జిల్లా కారు ఆగక ముందే దిగింది. ఒక కాయ పట్టుకుని టెంక ముదిరిందా లేదా అని గోరుతో గీరి చూస్తోంది, బేరం అప్పుడే మొదలైంది. అంతలో హెచ్చెమ్ ఫోన్ మోగింది. అత్తగారు. స్పీకర్ పెట్టింది.

“గుడికి వెళ్లారామ్మా?”

“గేటు దాకా వెళ్లాం అత్తయ్యా.”

“రద్దీగా ఉందా?”

“బాగానే ఉన్నారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు.”

“ఎంత పుణ్యం! బాగుందా భోజనం?”

“బాగుంది అత్తయ్యా. ఉప్పే కాస్త తగ్గింది.”

“ఎవరే తగ్గిందన్నది?” అని కుప్ప వెనకనుంచి గొంతు వినిపించింది.