ఐసొలేషన్ సరే, ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

కోవిడ్ సోకినవాళ్లకు కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలో ఇచ్చిన హోం ఐసొలేషన్ మార్గదర్శకాల్లో ఒక లెక్క ఉంది. లక్షణాలు మొదలై 10 రోజులు గడిచి, మూడు రోజులుగా జ్వరం లేకుంటే ఐసొలేషన్ ముగిసినట్టు. ఆ తర్వాత మరో 7 రోజులు ఇల్లు కదలకుండా ఆరోగ్యం చూసుకోవాలి. మొత్తం 17 రోజులు. ఇంట్లో అందుకు తగిన వసతి ఉండాలి, రోగిని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఇంత వివరంగా రాసినవాళ్లు ఆ 17 రోజుల కూలి సంగతి మాత్రం రాయలేదు.

తిరుపతిలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇక్కడ పని అంటేనే ఊరుగాని ఊరి జనంతో పని. స్టేషన్ ఎదుట లాడ్జీలో రూమ్ బాయ్, సత్రాల ముందు ఇడ్లీ బండి పెట్టుకున్నామె, కొండకు జీపు తోలే డ్రైవరు, కల్యాణకట్టలో గుండుకు ఇంతని పీస్ రేటు మీద పనిచేసే క్షురకుడు. వీళ్లలో ఒక్కరికి సోకినా అది మన వీధితో ఆగదు, నాలుగు రాష్ట్రాలకు రైలెక్కుతుంది. 2020 జూన్‌లో శ్రీవారి దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి. జులైకల్లా అర్చకులు సహా వంద మందికి పైగా సిబ్బందికి పాజిటివ్ వచ్చింది. అంతకుముందు మేలో చెన్నై కోయంబేడు మార్కెట్‌తో ముడిపడిన కేసులు చిత్తూరు జిల్లాలో వరసగా బయటపడ్డాయి. సరుకు తోలే డ్రైవరుకు లోడు దించితేనే బాడుగ.

అలాంటి మనిషి పరీక్షకు ఎందుకు పోతాడు? పాజిటివ్ అని తేలితే ఇంటి ముందు కర్రలు కడతారు, వీధిలో పేరు పడుతుంది, కూలి పోతుంది. తేలకుంటే జ్వరం మాత్ర మింగి డ్యూటీకి పోవచ్చు. దీన్ని నిర్లక్ష్యమనీ చదువులేనితనమనీ తిట్టినవాళ్లలో ఎక్కువమంది నెల జీతాలవాళ్లే. ఒకటో తేదీకి ఇంటి బాడుగ, పొదుపు సంఘం కంతు కట్టాల్సిన మనిషి వైపు నుంచి చూస్తే అది నిర్లక్ష్యం కాదు, లెక్క.

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. క్వారంటైన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2,000 రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో నిర్ణయించింది. మంచి ఆలోచన. కానీ 14 రోజుల క్వారంటైన్‌కు పంచితే రోజుకు 143 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 237. పైగా అది క్వారంటైన్ కేంద్రం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సాయం. ఇంట్లోనే ఆగిపోవాలా వద్దా అని కొట్టుమిట్టాడేవాడి నిర్ణయాన్ని అది మార్చలేదు.

మరి కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ ఉంది కదా అంటారు. ఉంది, తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి కూడా ఉంది. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో నెలకు 15,000 జీతం తీసుకునే కార్మికుడికి జబ్బు చేస్తే వేతనంలో 70 శాతం భృతి వస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. అయితే చట్టం ప్రకారం మొదటి రెండు రోజులకు పైసా రాదు. అంటే 2022 జనవరిలో కుదించిన 7 రోజుల ఐసొలేషన్‌లో ఐదు రోజులకే భృతి. నష్టం 3,500, చేతికొచ్చేది 1,750. అదీ ఆరు నెలల చందా కాలంలో 78 పనిదినాలు నిండి ఉంటేనే. ఫ్యాక్టరీలే మూతపడిన ఏడాదిలో ఆ దినాలు ఎక్కడి నుంచి తేవాలి? ఇక జబ్బు లేకుండా, పాజిటివ్ వ్యక్తి పక్కన పనిచేశాడన్న కారణంతో ఇంటికి పంపినవాడికి వైద్యం అవసరం లేదు కాబట్టి, చట్టం చెప్పే అనారోగ్యం కిందికి అతను రాడు. బ్రిటన్‌లో 2020 మార్చిలోనే కోవిడ్ కోసం జబ్బు భృతిలో ఇలా డబ్బు రాని మొదటి రోజులను ఎత్తేశారు. మన ఈఎస్ఐ కోవిడ్‌తో చనిపోయినవారి కుటుంబాలకు వేతనంలో 90 శాతం పింఛను ఇచ్చింది. అది ఇవ్వాల్సిందే. కానీ ఇతరులకు అంటించకుండా ఇంట్లో ఉన్నందుకు మాత్రం ఏమీ లేదు.

ఈఎస్ఐ అందని చిన్న లాడ్జీ, హోటల్ కుర్రాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టంలో ఏడాదికి 12 రోజుల జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది. హాజరు పట్టీయే లేని చోట ఆ 12 రోజులు ఎవరిని అడగాలి?

యజమానే భరించాలంటే తేలే పని కాదు. లాక్‌డౌన్‌లో జీతాలు కోయొద్దని కేంద్రం 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది, మేలో వెనక్కి తగ్గింది. మీరూ మీరూ మాట్లాడుకోండని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. యాత్రికులు లేక గదులు ఖాళీగా పడున్న లాడ్జీ యజమాని నలుగురు కుర్రాళ్లకు కూర్చోబెట్టి జీతమివ్వలేడు, నిజమే. అంటువ్యాధిని ఆపడం ప్రజా ప్రయోజనం, దాని ఖర్చూ ప్రజా ఖజానా నుంచే రావాలి. మనం తరచూ తిట్టిపోసే 1897 నాటి అంటువ్యాధుల చట్టం కూడా రెండో సెక్షన్‌లోనే, నష్టపరిహారంతో సహా ఖర్చులు ఎవరు ఎలా భరించాలో ప్రభుత్వం నిర్ణయించవచ్చని చెబుతోంది. ఆ అధికారంతో ఆంక్షలన్నీ పెట్టాం, పరిహారం ఊసే తేలేదు.

ఖర్చు మోయలేనిదా? ఆరోగ్య ఆసరా పథకంలో శస్త్రచికిత్స తర్వాత కోలుకునే రోగికి రోజుకు 225 రూపాయలు ఇచ్చిన రాష్ట్రం మనది. అదే రేటున 14 రోజులకు 3,150. 2020 జులైలో ప్రైవేటు ఆసుపత్రిలో విషమంగా లేని కోవిడ్ రోగికి ప్రభుత్వం ఖరారు చేసిన ఒక్క రోజు ధర 3,250. దొంగ జబ్బులు పెరుగుతాయన్న భయానికీ జవాబుంది. ప్రతి పరీక్షకూ ఒక నంబరుంది. పాజిటివ్ పేరు అందగానే ఇంటికి ఏఎన్ఎం వచ్చింది, మందుల కిట్టూ వచ్చింది. అదే పేరు మీద డబ్బు పంపడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. యాప్‌ల మీద పనిచేసే గిగ్ వర్కర్లు తొలిసారి కేంద్ర చట్టంలోకి వచ్చారు గానీ, ఈఎస్ఐకి మామూలు సంస్థల్లో కనీసం పదిమంది పనివాళ్లుండాలనే గీత అలాగే ఉంది. అధికారి ఆదేశంతో ఇంట్లో ఆగిన ప్రతి రోజునూ హాజరు రోజుగా, ఈఎస్ఐ చందా రోజుగా లెక్కించాలని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాలి. మొదటి రెండు రోజుల కోత అంటువ్యాధులకు వర్తించదని ఇంకో వాక్యం. ఈ గీతకు బయట ఉన్న రూమ్ బాయ్‌కీ ఇడ్లీ బండి ఆమెకూ రోజుకు 225 ఇచ్చే జీవో ముసాయిదా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, మళ్లీ ఇంటి ముందు కర్రలు కట్టాల్సి వచ్చిన రోజున కాదు.