చెడ్డ ఏడాది రాని చోటు

ఫ్రాన్సులో బోర్డో అని ఒక వైన్ ప్రాంతం ఉంది. భూమ్మీద చెడ్డ ఏడాది అంటూ రాని చోటు అదొక్కటే. నమ్మకపోతే ఏ ఏటి పంట నివేదికైనా తీసి చూడండి. వానలు దంచికొట్టాయా, వైన్ సుకుమారంగా ఉంటుందట. ఎండలు మాడ్చేశాయా, నిండుగా ఉంటుందట. మంచు సగం చిగుళ్లని తినేసిందా, మరీ మంచిది, తీగ బలమంతా మిగిలిన గుత్తులకే పోయిందట. ఉగాదినాడు మన సిద్ధాంతిగారైనా ఏదో ఒక రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని మొహం మీదే చెప్పేస్తారు. వీళ్ల పంచాంగంలో వ్యయం గడే ఉండదు.

ఆ శ్రవణం ఏటా వసంతంలో జరుగుతుంది. కిందటి శరదృతువులో కోసిన పంట అప్పటికింకా పీపాల్లోనే ఉంటుంది. దేశదేశాల నుంచి వ్యాపారులు, విమర్శకులు దిగుతారు. ఒకాయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తాడు. ముక్కు లోపలికంటా దూర్చేస్తాడు. ఒక గుక్క పోసుకుని, పెదాల సందులోంచి సర్రున గాలి పీలుస్తూ పుక్కిలించి, పక్కనున్న బకెట్‌లో తుపుక్కున ఊస్తాడు. పళ్లన్నీ నల్లబడ్డ ఆ నోటితో, కళ్లు మూసుకుని, 'సెప్టెంబర్ రాత్రులు చల్లగా గడిచాయి' అంటాడు. పక్కవాళ్లు తలలూపుతూ రాసుకుంటారు. ఆ రాత్రుల ఉష్ణోగ్రతలు వాతావరణ శాఖ దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. అయినా నాలుక చెబితేనే లెక్క! మళ్లీ గ్లాసు, మళ్లీ బకెట్. సాయంత్రానికి వందకి ఇన్ని అని మార్కులు. ఆ మార్కులు చూసి, సీసాలోకి ఎక్కని సరుక్కి జనం ముందే డబ్బు కట్టేస్తారు.

2009 పంటని శతాబ్దానికే గొప్పదన్నారు. 2010నీ అలాగే అన్నారు. అక్కడ శతాబ్దం పన్నెండు నెలలు కాబోలు.

2021 చూడండి. మార్చి చివర్లో ముందే వచ్చిన ఎండలకి తీగలు తొందరపడి చిగురేశాయి. ఏప్రిల్ మొదట్లో రాత్రులు సున్నా కిందకి పడిపోయాయి. ఫ్రాన్సులోనే షాబ్లీ అనే ఇంకో వైన్ ప్రాంతంలో రైతులు సాళ్ల మధ్య మైనం డబ్బాలు వెలిగించి తెల్లవార్లూ కాపలా కాశారు. కొన్నిచోట్ల పైనున్న వెచ్చటి గాలిని కిందకి తోయడానికి హెలికాప్టర్లు కూడా తిప్పారు. దక్కిన దాన్ని వేసవి వానల్లో బూజు తెగులు పట్టుకుంది. 21వ శతాబ్దపు తొలినాళ్లలో బహుశా ఇదే అతిపెద్ద వ్యవసాయ విపత్తని సాక్షాత్తు వ్యవసాయ మంత్రే అన్నాడు. బోర్డో వైన్‌కి మాత్రం 'పాత సంప్రదాయం తిరిగొచ్చింది' అని కితాబు. మరుసటి వేసవిలో అదే జిల్లాలో 20 వేల హెక్టార్లకి పైగా అడవి తగలబడింది. ఆ ఏడు మహాద్భుతమట. సరే, బంకమట్టి, సున్నపురాయి అడుగున తేమ దాచి తీగల్ని కాపాడాయి, ఆ మెప్పు నేలకి ఇవ్వొచ్చు.

అన్నిచోట్లా ఇలా నెట్టుకురాలేరు. 2020లో కాలిఫోర్నియా నాపా లోయని కార్చిచ్చు పొగ కమ్మేసింది. ఆ పొగ పండు తొక్కలోకి ఇంకి, చక్కెరతో కలిసిపోయి దాక్కుంటుంది, రసం పులిశాక బయటపడుతుంది. చాలామంది ఆ ఏడు ఎర్ర వైన్ జోలికే పోలేదు. జర్మనీలో ఐస్ వైన్‌కి పండు తీగ మీదే మైనస్ 7 డిగ్రీల్లో గడ్డకట్టాలి. 2019 పంటకి ఆ చలే రాలేదు. పొగడ్డానికి సరుకే లేకపోయింది, పాపం.

ఇక ఫ్రాన్సులోనే ఉన్న షాంపేన్ ప్రాంతం, 2023. గుత్తులు రికార్డు బరువు తూగాయని నివేదికలు మురిసిపోయాయి. అక్కడ యంత్రంతో కోయకూడదు, గుత్తి నలగకుండా చేత్తోనే కోయాలని నియమం. సెప్టెంబర్‌లో 30 డిగ్రీలు దాటిన ఎండలో వంగి కోసి కోసి, కనీసం నలుగురు కూలీలు చచ్చిపోయారు. వడదెబ్బేనని అనుమానం. పండు నలిగితే ఒప్పుకోరు, మనిషి కూలిపోతే అది వాతావరణమా? ఎండ వల్ల తీపి ఎంత పెరిగిందో రాసే చేతికి, ఆ ఎండలో ఎవడు పడిపోయాడో రాయడానికి ఏం రోగం? అదే కోతలకి ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన 50 మందికి పైగా కూలీల్ని కంపుకొట్టే కొంపలో కుక్కారు. 2025లో కోర్టు ముగ్గురిని మనుషుల అక్రమ రవాణా నేరంలో దోషులుగా తేల్చింది.

ఏడాది పేరు వేసుకునే షాంపేన్ మూడేళ్లైనా నేలమాళిగలో ఉండాలి. 2023కి మార్కులెన్నో అప్పుడు చూద్దాం.