ఏడు చుక్కలు, సందు చుక్క

మన ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, అపెండిక్స్ ఆపరేషన్లు. అందుకే "అమ్మని నర్సింగ్ హోమ్‌లో చేర్చాం మామయ్యా" అని తెనాలికి ఫోన్ చేసి చెబితే, "ఎన్ని రోజులుండాలన్నారు?" అని అడిగాడు మా మేనమామ. ఏం చెప్పను? ఇక్కడ అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే పెద్దవాళ్ళు ఉండిపోయే చోటు.

అమ్మ అక్కడ చేరి రెండేళ్ళయింది. డిమెన్షియా, జ్ఞాపకం చెరిగిపోయే జబ్బు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ముందు పోయాయి, ఇప్పుడు తెలుగు కూడా సగం సగమే. మేముండేది న్యూజెర్సీ కాబట్టి ఆదివారం పప్పన్నం పట్టుకెళ్ళగలుగుతున్నాం. తిండి సంగతి సరే. మిగతా రోజంతా ఆవిడ చేతులకి పనేమిటి? నేను రాయాలనుకున్నది దాని గురించి.

అక్కడ గోడ మీద నెలవారీ క్యాలెండర్ ఉంటుంది. సోమవారం బింగో, బుధవారం కుర్చీలో కూర్చుని వ్యాయామం, శుక్రవారం ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్. అక్టోబరులో హాలోవీన్ గుమ్మడికాయ, నవంబరులో థాంక్స్‌గివింగ్ టర్కీ కోడి. జిరాక్స్ తీసిన బొమ్మలో గీత దాటకుండా రంగు వేయాలి. ధనుర్మాసం నెలంతా ముగ్గులతో వీధి వాకిలి నింపిన మనిషి చేతికి ఆరెంజ్ క్రేయాన్ ఇచ్చి, ముందు టర్కీ బొమ్మ పెట్టారు. అమ్మ ఆ క్రేయాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నైటీ జేబులో వేసుకుంది. 'పాల్గొనలేదు' అని రాసుకున్నారు.

తప్పంతా వాళ్ళదే అని చాలా రోజులు మండిపడ్డాను. సగం నాది. 1987 నాటి ఫెడరల్ చట్టం వచ్చినప్పటి నుంచి, ఇక్కడి నర్సింగ్ హోమ్‌లు ఒక్కొక్కరి ఇష్టాన్ని బట్టి కాలక్షేపం ఏర్పాటు చేయాలి. చేరిన కొత్తలో అడిగే ప్రశ్నల్లో 'మీకు ఇష్టమైన పనులు చేసుకోవడం మీకెంత ముఖ్యం?' అని ఒకటుంటుంది. అమ్మ తరఫున జవాబులు చెప్పింది నేనే. ఆ రోజు టెన్షన్‌లో "టీవీ, భజనలు" అనేసి సంతకం పెట్టి వచ్చాను. ముగ్గు అన్న మాటే తట్టలేదు. నాకు ముగ్గంటే తొక్కకుండా దాటాల్సిన వస్తువు, అంతే.

పోయిన ఏడాది వారానికో రోజు ఒక ఆర్ట్ థెరపిస్టు రావడం మొదలుపెట్టింది. ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలు వేయిస్తూ చేసే వైద్యం, అనే మాట కొత్తదేం కాదు. క్షయ వచ్చి శానిటోరియంలో మంచం పట్టి, బొమ్మలు వేసుకుంటూ కోలుకున్న బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో పెట్టిన పేరు. ఇప్పుడు అమెరికాలో దానికి మాస్టర్స్ చదవాలి, మా న్యూజెర్సీలో లైసెన్సు కూడా ఉంది. ఆ థెరపిస్టు నన్ను "మీ అమ్మగారికి ఏం ఇష్టం?" అని అడగలేదు. "ఆవిడ చేతులు రోజూ ఏం చేసేవి?" అని అడిగింది. దోసెలు పోయడం, పూలు కట్టడం చెప్పాను. ఆఖర్న ముగ్గు.

నేల మీద పిండి పడితే ఎవరైనా జారిపడతారని హోమ్ వాళ్ళు ఒప్పుకోలేదు. వంటింటి ట్రేలో నల్ల కాగితం పరిచి, చక్రాల కుర్చీ బల్ల మీద పెట్టి, పక్కన గిన్నెలో బియ్యప్పిండి పోశాం. అమ్మ చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. "మెత్తగుంది. బరకగా ఉండాలి." వారాల తర్వాత విన్న నిండు మాట అది, అదీ ఫిర్యాదు! తర్వాతి వారం నేను బియ్యప్పిండిలో కాస్త రవ్వ కలిపి తీసుకెళ్ళాను.

ఏడు చుక్కలు పెట్టింది. మధ్య దూరం కొలిచినట్టు సమానం. రెండో వరుసకి సందు చుక్క, ఆరు రావాలి. లెక్క తప్పి అంచుకి ఒకటి ఎక్కువ పెట్టింది. "అత్తయ్యా, ఇక్కడ ఆరే కదా" అంటూ మా ఆవిడ చెరపబోతే థెరపిస్టు మెల్లగా చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ మెలికను ఆ ఎక్కువ చుక్క చుట్టూ కూడా తిప్పి, మొదలైన చోటికే తెచ్చి కలిపేసింది.

క్రాఫ్ట్స్‌లో బొమ్మ ఎలా వచ్చిందో చూస్తారు. ఈ థెరపిస్టు చూసేది బొమ్మ వేసే మనిషిని. తెల్ల కాగితం మీద అమ్మ తడబడుతోందని, నల్ల దాని మీద తడబడలేదని గమనించింది. డిమెన్షియాలో రంగుల తేడా పట్టుకునే చూపు తగ్గుతుందట. తెల్ల పళ్ళెంలో తెల్లన్నం ఎందుకు మిగిల్చేస్తోందో మాకప్పుడు అర్థమైంది. పళ్ళెం మార్చారు.

ఆన్ బాస్టింగ్ అనే నాటక రంగ ప్రొఫెసర్ 1990లలో ఇలాంటి హోమ్‌లోనే ఒక పత్రికలోని సిగరెట్ ప్రకటన చింపి చూపించి, "ఇతనికేం పేరు పెడదాం?" అని అడిగింది. అప్పటిదాకా పలకని వాళ్ళు కథ అల్లారు. జ్ఞాపకం అడగడం మానేసి ఊహ అడగడమే ఆవిడ పద్ధతి. 2016లో ఆవిడకి మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం దక్కింది. మనమో? వెళ్ళగానే "నేనెవర్ని చెప్పు? వీడి పేరేంటి?" అని పరీక్ష పెడతాం. తప్పు చెబితే మన మొహం వాడిపోతుంది, అది వాళ్ళకి కనిపిస్తుంది.

ముగ్గుతో డిమెన్షియా తగ్గుతుందా అంటే తగ్గదు. మర్నాటికి అమ్మకి ట్రే సంగతే గుర్తులేదు. కానీ ఆ సాయంత్రం నర్సు చెయ్యి విదిలించకుండా మందు వేసుకుంది. నాకది చాలు.

మన తెలుగు సంఘం గాయకుల విమానం టికెట్లకీ బాంక్వెట్ హాలుకీ పెట్టే ఖర్చు దండగ అని నేననను, ముందు వరుసలో కూర్చునే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందులో కొంత తీసి, మనవాళ్ళున్న రెండు మూడు హోమ్‌లకి వారానికి రెండు గంటలు ఆర్ట్ థెరపిస్టును పంపుదాం. పక్కన తెలుగు వచ్చిన మనిషి ఒకరుండాలి, లేకపోతే 'బరక' అన్న మాట గాలికి పోతుంది. అమ్మానాన్నలు హోమ్‌లో ఉన్నవాళ్ళు దాచుకోకండి. ఎవరేమనుకుంటారో అని మనం నోరు మూసుకుంటే, అక్కడ వాళ్ళ చేతికి టర్కీ బొమ్మే వస్తుంది. మూడు నెలలకోసారి హోమ్ వాళ్ళు మనతో కూర్చుని మాట్లాడే కేర్ ప్లాన్ మీటింగ్‌లో ముగ్గు, పూలమాల, తాటాకు బుట్ట, పేకముక్కలు, ఏదైతే అది పేరు పెట్టి చెప్పండి.

ఇంకొకటి. ఏటా స్కూలు కెఫెటేరియాలో పెట్టే సంక్రాంతి ముగ్గుల పోటీని ఈసారి హోమ్ డైనింగ్ హాల్లో, ట్రేల మీద పెడదాం. జడ్జీలు అక్కడి పెద్దవాళ్ళే. మా అమ్మ మార్కుల దగ్గర మహా పిసినారి, పిండి బరకగా లేకపోతే అసలు చూడను కూడా చూడదు. ముందే చెబుతున్నాను.